450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీద ఆర్‌టీఎక్స్ 3060 నడుస్తుందా?

రాయగడ నుంచి అడిగారు: ప్రాసెసర్ ఐ5-12400ఎఫ్, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా) కేబినెట్‌తో పాటే వచ్చిన 450 వాట్లది, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు పెట్టొచ్చా అని.

దానితో వద్దండి. కార్డు 170 వాట్లు లాగుతుంది, ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 117 దాకా. మిగతావి కలిపినా 450 దాటదు కదా అనిపిస్తుంది. కానీ డబ్బా మీది పెద్ద అంకెను నమ్మకండి. కేబినెట్ మూత తీసి, ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్‌లో +12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. 20 ఉంటే 240 వాట్లే! కార్డూ ప్రాసెసరూ ముఖ్యంగా బతికేది ఆ లైను మీదే. పైగా కార్డు వాడకం క్షణంలో ఎగబాకుతుంది, ఆట మధ్యలో సిస్టమ్ ఆరిపోయేది అప్పుడే.

ఎస్‌ఎంపీఎస్ నుంచి కార్డుకి కరెంటిచ్చే 8 పిన్నుల పీసీఐఈ వైరు ఉందో లేదో కూడా చూడండి. కార్డు గుచ్చే మదర్‌బోర్డు స్లాటు ఇచ్చేది 75 వాట్లే, మిగతాదంతా ఆ వైరు మోయాలి. ఆ వైరు లేదని షాపులో మోలెక్స్ కన్వర్టర్ (పాత 4 పిన్నుల వైరును దానిలా మార్చే ముక్క) తగిలిస్తామంటే ఒప్పుకోకండి. చవక కన్వర్టర్లు వేడికి కరిగిపోతాయి.

ఈ కార్డుకి ఎన్విడియా సిఫార్సు 550 వాట్లు. 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తింపు) ఉన్న మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్ తీసుకోండి, మీ ఊళ్లో దొరక్కపోతే విజయనగరం నుంచో విశాఖ నుంచో తెప్పించుకోండి. అన్నట్టు, గాలివానల రోజుల కోసం 600 వీఏ యూపీఎస్ వాడుతుంటే అది సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది, ఆట ఆడుతుండగా కరెంటు పోతే కష్టమే.

ఎస్‌ఎంపీఎస్‌కి డబ్బు చాలకపోతే ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ చూడండి. 70 వాట్లే, చాలా మోడళ్లకి విడి వైరు అక్కర్లేదు.