ట్రైపాడ్ పక్కన తేలు

ప్రశ్న: ఎడారిలో రాత్రిపూట నక్షత్రాల ఫొటోలు తీస్తుంటాను. ఈమధ్య ట్రైపాడ్ కాలి పక్కనే తేలు కనిపించింది. అప్పటినుంచి నేల మీద కూర్చోవాలంటేనే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక అల్ట్రావయొలెట్ టార్చి కొనుక్కోండి. నా బ్యాగులో అదనపు బ్యాటరీ లేకపోయినా అది మాత్రం ఉంటుంది. ఆ వెలుతురు పడగానే తేలు ఒళ్లంతా నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో మెరుస్తుంది, చాలా దూరం నుంచే తెలిసిపోతుంది. కొత్తగా కుబుసం విడిచిన తేలు మాత్రం సరిగా మెరవదు. పాములూ మెరవవు. అందుకే ట్రైపాడ్ పెట్టేముందు మామూలు టార్చితో కూడా చుట్టూ చూడండి. సహారాలోని కొమ్ముల విషపాము (హార్న్‌డ్ వైపర్) ఇసుకలో ఒళ్లంతా దాచుకుని కళ్లూ కొమ్ములూ మాత్రమే పైకి పెడుతుంది. అలాంటి చోట పడుకుని లో యాంగిల్ షాట్ తీయాలన్న కోరిక దయచేసి మానుకోండి.

కెమెరా బ్యాగు జిప్పు ఎప్పుడూ మూసే ఉంచండి, బూట్లు దులిపి వేసుకోండి. రాళ్లు ఎత్తకండి. తేలు ఎంత అందంగా ఉన్నా దగ్గరికి వెళ్లకుండా మాక్రో లెన్స్ బదులు టెలీ లెన్స్ వాడండి. ముందువైపు పట్టకారు లాంటి గోళ్లు సన్నగా, తోక లావుగా ఉన్న తేళ్లు తరచూ ఎక్కువ ప్రమాదకరం. అయితే ఆకారం చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

ఒకవేళ కుట్టినా, కాటు పడినా కోయకండి, నోటితో పీల్చకండి, గట్టిగా కట్టు కట్టకండి. ఉంగరాలు తీసేసి, ఆ భాగం కదపకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఫొటోలు తీయడానికి ఒంటరిగా మాత్రం వెళ్లకండి, సిగ్నల్ లేని చోట పక్క మనిషే దిక్కు.