వెస్టింగ్, ఎన్‌ఏవీ, యాన్యుటీ... ఈ మాటల వెనక మీ డబ్బు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఇన్నాళ్లూ ఆఫీసులో పెట్టమన్నచోటల్లా సంతకం పెట్టాను. ఈమధ్య ఉద్యోగం మారదామని రిటైర్మెంట్ పొదుపు కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. వెస్టింగ్, ఎక్స్‌పెన్స్ రేషియో, ఎన్‌ఏవీ, సీఏజీఆర్, యాన్యుటీ... ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఎవరినైనా అడగాలంటే మొహమాటం. కాస్త వివరిస్తారా?

జవాబు: ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదండీ. ఈ మాటలు మనకు బళ్లో ఎవరూ నేర్పలేదు. ఉద్యోగం మారదామన్నారు కాబట్టి ముందు వెస్టింగ్ సంగతి చూద్దాం. మిగతావి నెల ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగదు.

మీ జీతంలోంచి జమ అయింది సాధారణంగా మొదటి రోజు నుంచే మీది. కంపెనీ తన వంతుగా వేసే డబ్బు అన్నిచోట్లా అలా కాదు. కొన్ని పథకాల్లో ఇన్నేళ్లు పనిచేస్తేనే అది మీదవుతుంది. ఆ హక్కు రావడమే వెస్టింగ్. కొన్నిచోట్ల ఏటా కొంత చొప్పున వస్తుంది, కొన్నిచోట్ల గడువు నిండిన రోజున మొత్తం ఒక్కసారే. ఈ రెండో రకమైతే నెల ముందు మానేసినా కంపెనీ వాటా అంతా పోతుంది. రాజీనామా ఇచ్చేముందే మీ వెస్టింగ్ తేదీ ఎప్పుడో అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

తర్వాత ఎక్స్‌పెన్స్ రేషియో. మీ డబ్బు చూసుకున్నందుకు ఫండ్ ఏటా తీసుకునే ఖర్చు ఇది. దీనికి బిల్లు రాదు, రోజూ కొద్దికొద్దిగా ఫండ్ విలువలోంచే పోతుంది. అందుకే చాలామంది కంట పడదు. లెక్క వేసి చూడండి. ఖర్చు పోకముందు ఏటా 8 శాతం పెరిగే ఫండ్‌లో లక్ష పెట్టి 30 ఏళ్లు కదపలేదనుకుందాం. ఖర్చు 0.2 శాతమైతే చివరికి దాదాపు 9.5 లక్షలు. అదే 1.5 శాతమైతే 6.6 లక్షలే. కాగితం మీద తేడా ఒక శాతం చిల్లర, చేతికొచ్చేసరికి దాదాపు మూడు లక్షలు! చక్రవడ్డీ మనకు ఎలా పనిచేస్తుందో, ఖర్చు కూడా మనకు ఎదురుగా అలాగే పనిచేస్తుంది. మీ కాగితాల్లో ఒక్క అంకె వెతకమంటే నేను దీన్నే వెతకమంటాను.

ఎన్‌ఏవీ అంటే ఫండ్‌లో ఒక్క యూనిట్ (వాటా) విలువ, అంతే. 10 ఉన్న ఫండ్ చవక, 500 ఉన్నది ఖరీదు అనుకోవద్దు. రెండూ 10 శాతం పెరిగితే మీ లక్ష ఎక్కడున్నా లక్షా పదివేలే.

సీఏజీఆర్‌ని సగటు రాబడితో కలిపేయకండి. 100 పెడితే మొదటి ఏడు 50 శాతం పెరిగి 150 అయింది, రెండో ఏడు 50 శాతం పడి 75కు దిగింది. సగటు తీస్తే సున్నా, అంటే నష్టమే లేనట్టు! మీ చేతిలో మాత్రం పాతిక తక్కువ. మొదట పెట్టింది, చివర మిగిలింది చూసి ఏడాదికి ఎంత చొప్పున మారిందో చెప్పేది సీఏజీఆర్. ఇక్కడ అది మైనస్ 13 శాతం పైచిలుకు. ఎవరైనా 'సగటున ఇంత వచ్చింది' అంటే సీఏజీఆర్ ఎంత అని అడగండి.

ఆ సీఏజీఆర్‌లోంచి ద్రవ్యోల్బణం, అంటే ధరల పెరుగుదల, తీసేస్తే మిగిలేదే అసలు రాబడి. 72ను ధరల పెరుగుదల శాతంతో భాగిస్తే ధరలు ఎన్నేళ్లలో రెట్టింపవుతాయో సుమారుగా తెలుస్తుంది. 6 శాతమైతే 12 ఏళ్లు. లూకా పాచోలీ 1494లో అచ్చువేసిన గణిత గ్రంథంలోనే ఈ 72 సూత్రం ఉంది. ఇప్పటికీ దీనికి కాలిక్యులేటర్ అక్కర్లేదు.

ఇక యాన్యుటీ: కూడబెట్టిన మొత్తాన్ని బీమా కంపెనీకి అప్పగిస్తే, బతికున్నంత కాలం క్రమం తప్పకుండా పింఛనులా ఇస్తుంది. డబ్బు అయిపోతుందేమోనన్న టెన్షన్ ఉండదు, నిజమే. కానీ చాలా రకాల్లో ఇచ్చిన మొత్తాన్ని మళ్లీ వెనక్కి తీసుకోలేం. నెలనెలా వచ్చేది పెరగని రకమైతే, ధరలు ఏటా 6 శాతం పెరిగినప్పుడు 20 ఏళ్లకు దాని కొనే శక్తి మూడో వంతుకన్నా తక్కువకు పడిపోతుంది. మీ తర్వాత జీవిత భాగస్వామికి వస్తుందా రాదా అన్నది కూడా ఎంచుకున్న రకాన్ని బట్టే ఉంటుంది. ఈ నిర్ణయానికి మీకు ఇంకా చాలా ఏళ్లుంది, ఇప్పుడే ఎవరు తొందరపెట్టినా సంతకం పెట్టకండి. వెస్టింగ్ తేదీ మాత్రం ఈ వారంలోనే కనుక్కోండి.