‘పరిశోధనకు మాత్రమే’ అన్న యాంటీబాడీతో ఉద్యోగాలు ఉంటాయా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరంలో ఉంది. ప్రాజెక్టులో పీడీ-1 యాంటీబాడీతో పనిచేసి, ఇకపై ఇదే రంగమంటోంది. ఆ సీసా మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని ఉంటుందట. రోగులకు ఇవ్వని వస్తువును నమ్ముకుంటే ఉపాధి దొరుకుతుందా? - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఆ మాట వాడుకకు విధించిన హద్దును చెబుతుందే తప్ప, ఆ పనికి గిరాకీ లేదని చెప్పదు. పీడీ-1 అనేది రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాల ఉపరితలం మీద ఉండే ప్రొటీను. రోగనిరోధక స్పందన శ్రుతి మించకుండా అది అదుపు చేస్తుంది. క్యాన్సర్ కణాలు ఆ అదుపునే తమకు రక్షణగా మలచుకుంటాయి. క్యోటో విశ్వవిద్యాలయంలో తసుకు హోంజో బృందం పీడీ-1ను కనుగొన్న సంగతి 1992లో వెల్లడైంది. ఎలుకలలో ఈ మార్గాన్ని యాంటీబాడీలతో అడ్డగించి చూసిన ప్రయోగాలే, 2014లో అమెరికాలో అనుమతి పొందిన పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ అనే క్యాన్సర్ మందులకు దారి వేశాయి.

ఇందులో పనితనం చిన్న వివరాలలోనే ఉంటుంది. ఉదాహరణకు ఆర్‌ఎంపీ1-14 అనే క్లోన్ (ఒకే కణ వంశం నుంచి వచ్చే యాంటీబాడీ రకం) ఎలుక పీడీ-1ను గుర్తించేది. మనిషి రక్తకణాల మీద ప్రయోగానికి దానిని ఎంచుకుంటే ప్రయోగం మొదటి రోజే వృథా అవుతుంది. కణాలకు రంగు పట్టించే యాంటీబాడీలలో నిల్వ కోసం తరచుగా సోడియం అజైడ్ కలుపుతారు, అది సజీవ కణాలకు విషం కనుక జంతువులకు ఎక్కించే యాంటీబాడీ అజైడ్ లేనిదై, ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషపదార్థం తక్కువగా ఉన్నదై ఉండాలి. లేబుల్ చూసి ఇవన్నీ పసిగట్టి, పోలిక కోసం వాడే, లక్ష్యానికి అతుక్కోని యాంటీబాడీ అయిన సరైన ఐసోటైప్ కంట్రోల్‌ను పక్కన పెట్టి, కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించే ఫ్లో సైటోమీటర్ యంత్రం ఇచ్చే ఫలితాన్ని నమ్మకంగా చదవగలవారే పరిశోధనశాలలకూ, కంపెనీలకూ కావాలి.

హైదరాబాద్‌లో ఇటువంటి పనికి పునాది కొత్తది కాదు. డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందుకు దాదాపు సమానమైన బయోసిమిలర్‌ను విడుదల చేసింది. అక్కడి బయోటెక్ సంస్థల కేంద్రమైన జీనోమ్ వ్యాలీలో ఇతరుల కోసం ఒప్పందంపై పరిశోధన చేసిపెట్టే సంస్థలు కూడా ఉన్నాయి. అయితే కేవలం బీఎస్సీతో యాంటీబాడీ పరిశోధనలో నిలదొక్కుకోవడం కష్టమని మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఎమ్మెస్సీ కోసం గ్యాట్-బీ, ఐఐటీ జామ్, సీయూఈటీ-పీజీ ప్రవేశ పరీక్షలు మూడింటికీ సిద్ధం కావడం మంచిది. పీహెచ్‌డీ నిర్ణయాన్ని సీఎస్ఐఆర్ నెట్ అర్హత పరీక్ష దాకా వాయిదా వేయవచ్చు.

స్వల్పకాలిక సర్టిఫికెట్ కోర్సుల వారు మిమ్మల్ని తప్పక సంప్రదిస్తారు. ఫీజు కట్టే ముందు, అక్కడ ఫ్లో సైటోమీటర్ ఉందా, దానిని అమ్మాయి చేత స్వయంగా నడిపిస్తారా అన్న రెండు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.