డేటాబేస్ సందేహాలు: డబ్బు కట్టని ఫీచర్‌ను వాడొచ్చా?

ప్రశ్న: మేడం గారూ, నమస్కారం. చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి చేసే కంపెనీకి ఒంగోలు ఆఫీసులో డేటాబేస్ పని చూస్తున్నాను. మాది ఒరాకిల్ 19సీ డేటాబేస్ సాఫ్ట్‌వేర్, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్. నెలాఖరులో ఇన్‌వాయిస్ రిపోర్టులు కదలవు. బయటి నుంచి వచ్చిన కన్సల్టెంట్ ఏడబ్ల్యూఆర్ రిపోర్టు (డేటాబేస్ ఎక్కడ నెమ్మదిస్తోందో చూపేది) తీసి చూపించి, పెద్ద టేబుల్‌ను పార్టిషన్ చేయమన్నారు, అంటే ముక్కలుగా విడగొట్టమన్నారు. మా అకౌంట్స్ సార్ "వాటికి విడిగా డబ్బు కట్టామా?" అని అడిగారు. అన్నీ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చాయి, ఎక్కడా లైసెన్సు కీ అడగలేదు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: నాయనా, మీ సార్ అడగాల్సిన మాటే అడిగారు. కీ అడగలేదు కాబట్టి వాడుకోవచ్చు అనుకోవడంలోనే చాలామంది ఇరుక్కుంటారు. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో పార్టిషనింగ్, డయాగ్నస్టిక్స్ ప్యాక్ (లోపం కనిపెట్టే టూలు), ట్యూనింగ్ ప్యాక్ (వేగం పెంచే టూలు) విడిగా కొనాల్సినవే అయినా డిస్కు మీద సిద్ధంగానే ఉంటాయి. మనం కొన్నామా లేదా అని సాఫ్ట్‌వేర్ ఆపి అడగదు. అది కాగితాల్లో తేలాల్సిన విషయం. ఏడబ్ల్యూఆర్ గంటకోసారి తనంతట తనే స్నాప్‌షాట్ (అప్పటి పనితీరు అంకెలు) తీసి 8 రోజులు దాచుతుంది. అయినా ఆ రిపోర్టు తీసి చదవాలంటే డయాగ్నస్టిక్స్ ప్యాక్ లైసెన్సు ఉండాలి.

డబ్బు ఎంతో మీ సార్‌కు అంకెల్లో చూపించండి. చాలా ఏళ్లుగా ప్రచురించిన ధరల పట్టికలో డయాగ్నస్టిక్స్ ప్యాక్ ఒక ప్రాసెసర్‌కు 7,500 డాలర్లు, ట్యూనింగ్ ప్యాక్ 5,000, పార్టిషనింగ్ 11,500. ఇంటెల్ సర్వర్‌లో 16 కోర్లుంటే, రెండు కోర్లకు ఒక ప్రాసెసర్ లెక్కన 8 ప్రాసెసర్లు. అంటే డయాగ్నస్టిక్స్ ఒక్కటే 60,000 డాలర్లు, ఆపైన ఏటా సపోర్టుకు 22 శాతం. బేరంలో తగ్గొచ్చు గానీ, ముందు ఈ లెక్క తెలిసుండాలి.

ఈ తప్పు నేనూ చేశాను. నెల్లూరులో రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో ఉన్నప్పుడు స్టాకు టేబుల్‌ను నెలవారీగా పార్టిషన్ చేశాను. నలభై నిమిషాల రిపోర్టు మూడు నిమిషాల్లో వచ్చింది, ఆఫీసంతా మెచ్చుకుంది. ఏడాదిన్నర తర్వాత లైసెన్సు కాగితాలు సరిచూస్తే ఆ ఆప్షన్ మేము కొననేలేదు. వరసగా మూడు ఆదివారాలు కూర్చుని దాన్ని మళ్లీ మామూలు టేబుల్‌గా మార్చాను. మధ్యాహ్నం క్యారియర్ మా ఆయన తెచ్చిచ్చేవారు. ఆ తర్వాత తేదీ, పార్టీ కోడ్ కలిపి ఒక్క ఇండెక్స్ (వరసలను త్వరగా వెతికే సూచిక) వేస్తే రిపోర్టు ఆరు నిమిషాలకు వచ్చింది. ఆ పని మొదటే చేసుండాల్సింది. అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను, పార్టిషన్ జోలికి ఇప్పుడే పోవద్దు.

ముందు డీబీఏ_ఫీచర్_యూసేజ్_స్టాటిస్టిక్స్ అనే వ్యూ (టేబుల్‌లా చదివే జాబితా) చూడండి. ఏ ఫీచర్ వాడకం ఎన్నిసార్లు కనబడిందో, మొదటి తేదీ, చివరి తేదీ అందులో ఉంటాయి. డేటాబేస్ వారానికోసారి దాన్ని నింపుకుంటుంది. పార్టిషనింగ్ పక్కన సిస్టమ్ అని ఉంటే అది ఒరాకిల్ తన సొంత పనికి వాడుకున్నది, భయపడకండి. యూజర్ అని ఉంటే మనం వాడినట్టు. ఆ పేజీని ప్రింటు తీసి, కొనుగోలు కాగితాల పక్కన పెట్టి చూడండి. కాగితాల్లో ప్యాక్‌లు లేకపోతే కంట్రోల్_మేనేజ్‌మెంట్_ప్యాక్_యాక్సెస్ అనే పరామితిని (సెట్టింగును) నన్ (NONE) అని మార్చండి. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో అది మొదటి నుంచీ రెండు ప్యాక్‌లూ తెరిచే ఉంచుతుంది. మార్చడానికి డేటాబేస్‌ను ఆపి మళ్లీ ఎక్కించక్కర్లేదు. కన్సల్టెంట్లు వచ్చినప్పుడు ఏ టూలు వాడబోతున్నారో ముందే రాయించుకోండి.

మరి రిపోర్టు నెమ్మదితనం ఎలా కనిపెట్టాలి అంటారా? పనితీరు కొలిచే టూలు స్టాట్స్‌ప్యాక్ ఉంది కదా, ఉచితం. ఆర్‌డీబీఎంఎస్ కింద అడ్మిన్ ఫోల్డర్‌లోని ఎస్‌పీక్రియేట్ స్క్రిప్టు నడిపితే పెర్ఫ్‌స్టాట్ అనే యూజర్ తయారవుతుంది. రిపోర్టు మొదలయ్యే ముందు ఒక స్నాప్, అయిపోయాక ఒక స్నాప్ తీసి, ఎస్‌పీరిపోర్ట్‌తో రెండింటి మధ్య తేడా చదవండి. ఏ ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశం) ఎక్కువ డిస్కు చదువుతోందో బయటపడుతుంది. దాని ఎగ్జిక్యూషన్ ప్లాన్ (అది నడిచే దారి) చూడటానికి ఏ ప్యాకూ అక్కర్లేదు. పాత స్నాప్‌లను అప్పుడప్పుడు తుడిచేయండి, లేకపోతే టేబుల్‌స్పేస్ (డేటా దాచే చోటు) నిండిపోతుంది.

ప్రశ్న: మాది కావలి. మా ఆఫీసులో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వాడతాం. అందులోనూ ఇలాంటి కొనాల్సిన ఆప్షన్లు ఉంటాయా మేడం?
— ఒక పాఠకురాలు

జవాబు: అసలు పోస్ట్‌గ్రెస్‌లో లేవమ్మా. టేబుల్ సృష్టించేటప్పుడే పార్టిషన్లు చెప్పుకునే పద్ధతి 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి అందులోనే ఉంది. ఎస్‌క్యూఎల్‌ల వేగం చూడటానికి పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్ (అదనపు భాగం) వాడండి. దాన్ని షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్ సెట్టింగులో చేర్చాక సర్వర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయాలి కాబట్టి, బిల్లింగ్ అయిపోయాక రాత్రిపూట పెట్టుకోండి.