సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు: పంప్ మార్చాలా?

పాత పెట్రోల్ కారు, కీ తిప్పితే సెల్ఫ్ గట్టిగానే తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు, మెకానిక్ పెట్రోల్ పంప్ పోయిందంటున్నాడు, మార్పించమంటారా అని అడిగారు.

వద్దు. ఇప్పుడే వద్దు. ముందు అతన్ని ఒక్కటి అడగండి: పంప్ దాకా కరెంట్ వస్తోందో లేదో చూశావా అని. చూడలేదంటే మీ డబ్బుతో చీటీ తీస్తున్నట్టే లెక్క.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, మా బాబాయి కారుకి అచ్చం ఇదే జరిగింది. అది పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బ్యురేటర్లు పోయి, కంప్యూటర్ చెప్పినట్టు పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ వస్తున్న రోజుల నాటి బండి. పొద్దున్నే ఠక్కున స్టార్ట్ అయ్యేది. బాగా వేడెక్కాక ఎక్కడైనా ఆపి మళ్లీ కీ తిప్పితే మాత్రం ఎంతసేపు కొట్టినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. కాసేపు నీడలో వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ అందుకునేది. మెకానిక్ వెనక సీటు ఎత్తి చెవి పెట్టి విన్నాడు. సెల్ఫ్ కొడుతుంటే పంప్ తిరగడం లేదన్నాడు, కొత్తది వేశాడు. కొన్నాళ్లకే మళ్లీ అదే కథ. ఈసారి ప్లగ్గులకి కరెంట్ పంపే కాయిల్ పోయిందన్నాడు. బాబాయి దానికీ తలూపేశారు.

నేను వెళ్లేసరికి బండి వేడి మీదే ఉంది. "బాబాయ్, మీరు సెల్ఫ్ కొట్టండి, నేను మీటర్ చూస్తాను" అన్నాను. ఇంజన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు సున్నా దగ్గర్నుంచి కదిలితే ఒట్టు. చాలా బళ్లలో సెల్ఫ్ తిరిగేటప్పుడు ఆ ముల్లు 200 దరిదాపులకి లేస్తుంది. అంటే ఇంజన్ తిరుగుతోంది గానీ, ఆ సంగతి ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్‌కి చేరడం లేదు. చేరవేయాల్సింది క్రాంక్ సెన్సర్. దాని లోపల సన్నటి రాగి తీగ చుట్ట ఉంటుంది. పాతబడ్డాక వేడికి ఆ తీగ ఎక్కడో విడిపోయి, చల్లారాక మళ్లీ తగులుతుంది. ఆ సిగ్నల్ లేకపోతే కంప్యూటర్ స్పార్క్ ఇవ్వదు, ఇంజెక్టర్లు తెరవదు, కీ ఆన్ చేయగానే 2 సెకన్ల పాటు తిప్పిన పంప్‌ని కూడా ఆపేస్తుంది. మెకానిక్ చెవులు అబద్ధం చెప్పలేదు, పంప్ నిజంగానే తిరగలేదు. తిరగమని దానికి చెప్పిన దిక్కే లేదు!

గేర్‌బాక్స్ పక్కనున్న ఆ సెన్సర్ మీద తడిగుడ్డ వేసి ఉంచాను. చల్లబడ్డాక మళ్లీ కొట్టమన్నాను. ముల్లు లేచింది, వెనకే ఇంజన్ అందుకుంది. బాబాయి బండి వైపు చూడలేదు, డిక్కీలో అట్టపెట్టెలో పడున్న పాత పంప్ వైపు చూశారు.

కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టి "కోడ్ ఏమీ పడలేదు, సెన్సర్లన్నీ బాగున్నాయి" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఈ సెన్సర్ పూర్తిగా మూగబోతే చాలా పాత బళ్లలో కోడ్ పడదు. సిగ్నల్ లేదు కాబట్టి ఇంజన్ ఆగి ఉందనుకుని కంప్యూటర్ ఊరుకుంటుంది.

మీది కార్బ్యురేటర్ బండి అయితే పని ఇంకా తేలిక. ఎయిర్ ఫిల్టర్ తీసి, ఇంజన్ ఆపి ఉండగానే యాక్సిలరేటర్ లాగి లోపలికి చూడండి. సన్నటి ధారగా పెట్రోల్ చిమ్మితే పంప్ జోలికి ఇప్పటికిప్పుడు వెళ్లక్కర్లేదు. ఒక ప్లగ్గు విప్పండి. తడిగా పెట్రోల్ వాసన కొడుతుంటే పెట్రోల్ వస్తోంది, నిప్పే రావడం లేదు. స్పార్క్ చూడటానికి టెస్టర్ వాడండి, వైరు గాల్లో వదిలేసి సెల్ఫ్ కొట్టకండి. కాయిల్ దెబ్బతినొచ్చు, దగ్గర్లో పెట్రోల్ ఆవిరి ఉంటే అంటుకుంటుంది కూడా.

ప్లగ్గులకి వంతులవారీగా కరెంట్ పంచే డిస్ట్రిబ్యూటర్ ఉంటే క్యాప్ తీసి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని లోపల తిరగాల్సిన రోటర్ వైపు చూడండి. అది కదలకపోతే చాలా ఇంజన్లలో వాల్వుల్ని ఆడించే టైమింగ్ బెల్ట్ తెగినట్టే. సెల్ఫ్ శబ్దం కూడా మారిపోతుంది, బరువు లేకుండా గిర్రున తిరుగుతుంది. అక్కడితో ఆపేయండి, కొన్ని ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి. రోటర్ తిరుగుతుంటే క్యాప్ లోపల సన్నటి నల్లగీతలు, తేమ ఉన్నాయేమో చూడండి.

ఇంకోటి, ఏం పోయినా ప్లగ్గులు మార్చేసే అలవాటొకటి ఉంది చూశారూ... నాలుగు ప్లగ్గులూ ఒకేసారి చచ్చిపోవు. పెట్రోల్‌కి తడిసిపోయి ఉంటే తుడిచి ఆరబెడితే చాలు.

వేడి మీదే మొరాయిస్తోందా, పొద్దున్న చల్లగా ఉన్నప్పుడూ ఇంతేనా అన్నది మీరు రాయలేదు. అది, సెల్ఫ్ కొట్టేటప్పుడు ముల్లు కదులుతోందో లేదో రాయండి. అంతవరకూ ఆ కొత్త పంప్‌ని కొట్లోనే ఉండనివ్వండి.