ఇంటి వెనక తిరిగేది కుక్కా, తోడేలా?

మూడు రోజులుగా ఇంటి వెనక బూడిద రంగు జంతువొకటి తిరుగుతోంది, చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయి, తోడేలేమో అని అడిగారు. రంగును, చెవులను బట్టి మాత్రం తేల్చుకోకండి. నేను అక్కడే పొరబడ్డాను.

మా పెరటి గోడ దగ్గరికి వచ్చినదానికి డొక్కలు ఎండిపోయి కాళ్లు మరీ పొడుగ్గా కనిపించేవి. అందరం తోడేలే అనుకున్నాం. పక్కింటివాళ్లు కర్రలు కూడా తెచ్చారు. కాసేపు ఆగమని బతిమాలి, కిటికీ చాటు నుంచి వీడియో తీసి ఆపి ఆపి చూశాను. తోక కొస వీపు మీదికి మెలి తిరిగి ఉంది. తోడేలు తోక అలా చుట్టుకోదు, మామూలు నడకలో కిందికే వేలాడుతుంది. వెనక కాలికి లోపలి వైపు కాస్త పైన ఒక అదనపు గోరు కనిపించింది. తోడేళ్లకు ఆ గోరు సాధారణంగా ముందు కాళ్లకే ఉంటుంది. చాలా కుక్కలకూ వెనక ఉండదు కాబట్టి, అది లేనంత మాత్రాన తోడేలని కాదు. ఇక మెడ చుట్టూ బొచ్చు ఊడి సన్నటి గీత. ఎవరో కట్టేసి పెంచి వదిలేసిన ప్రాణి అది. ఆ గీత చూశాక కడుపు తరుక్కుపోయింది.

వీలైతే తడి నేల మీద అడుగులు చూడండి. తోడేలు వెనక పాదం దాదాపు ముందు పాదం పడ్డ చోటే పడుతుంది, జాడ తిన్నగా సాగిపోతుంది. కుక్క అటూ ఇటూ వాసన చూసుకుంటూ వంకర టింకరగా పోతుంది. నాలుగడుగులు చాలవు, కొంత దూరం చూడాలి. తోడేలుకు ఛాతీ ఇరుకు, పాదాలు పెద్దవి. పెద్ద తోడేలుకు నీలం కళ్లుండవు, పసుపు కళ్లు మాత్రం కుక్కల్లోనూ ఉంటాయి. జాలిగా కనుబొమ లేపే కండరం కుక్కల్లో బాగా పెరిగిందనీ, తోడేళ్లలో అంతగా లేదనీ 2019లో ఒక అధ్యయనం చూపింది. మా పెరట్లోది నావైపు సరిగ్గా అలాగే చూసింది.

వాటి కూనల విషయంలో, కుక్కకీ తోడేలుకీ పుట్టిన సంకరాల విషయంలో కంటితో చూసి తేల్చలేం. డీఎన్‌ఏ పరీక్షే దారి.

ఏదైనా సరే దగ్గరికి వెళ్లకండి, తిండి పెట్టి మచ్చిక చేయకండి. తూలుతూ నడిచినా, చొంగ కారుస్తున్నా, మనిషి మీదికే వస్తున్నా రేబీస్ కావచ్చు. అది రెండింటికీ వస్తుంది. కరిచినా గీరినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అప్పటికప్పుడే డాక్టర్ దగ్గరికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

ఈసారి కనిపిస్తే అది నడుస్తుండగా, తోకతో సహా పక్క నుంచి వీడియో తీసి పశువైద్యుడికో అటవీ సిబ్బందికో చూపించండి. అంతవరకు ఎవరినీ కర్ర ఎత్తనివ్వకండి.