ఎనిమిది నెలల కోడెకు అప్పుడే విత్తులు కొట్టించకండి

"గుర్రప్పిల్లకు ఏడాది లోపే విత్తులు తీయిస్తారట, మా కోడెదూడకు ఎనిమిది నెలలు, ఇప్పుడే కొట్టించొచ్చా?" అని ఆదిలాబాద్ జిల్లా బేల వైపు రైతు ఒకరు అడిగారు. వద్దు. ఇంకో ఏడాది ఆగండి.

గుర్రం లెక్క వేరు. విత్తులు (వృషణాలు) రెండూ సంచిలోకి దిగి ఉంటే ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్యలో చేయించేస్తారు. ఆలస్యమైతే మెడ బలుస్తుంది, ఆడగుర్రం కనబడితే కట్టు తెంపుకుంటుంది. స్వారీకి ఆ బలిసిన మెడతో పనేముంది? ఎద్దుకు మాత్రం కాడి ఆనేదే మెడ మీద, మూపురం ముందు. ఆ మెడా మూపురమూ గట్టిపడేది విత్తుల్లోంచి వచ్చే హార్మోనుతోనే. ఎనిమిది నెలలకే దాన్ని ఆపేస్తే కాళ్ల ఎముకలు ఎదగడం ఆలస్యంగా ఆగుతుంది. దూడ పొడుగ్గా సాగుతుంది, ముందుభాగం పలచబడిపోతుంది. అలాంటిదాన్ని నల్లరేగడి పత్తిచేలో డౌరాకు (సాళ్ల మధ్య కలుపు తీసే గుంటకకు) కడితే మధ్యాహ్నానికే మెడ దించేస్తుంది.

అలాగని నాలుగు పళ్లు వేసేదాకా చూడకూడదు. అప్పటికి విత్తును పట్టి ఉంచే నరం ముదిరి లావెక్కుతుంది, పటకారుతో ఒక నొక్కుకు నలగదు, వాపు ఎక్కువ. నేర్చుకున్న కుమ్ముడు కూడా పోదు. ఎర్ర కంధారీ జాతి అయినా గౌలావ్ జాతి అయినా, సేద్యపు కోడెకు ఏడాదిన్నర దాటాక, పాలపళ్లు ఊడి మొదటి రెండు పెద్దపళ్లు వచ్చేలోపు చేయించాలి. కాడికి కట్టని జెర్సీ సంకర దూడకైతే మూడు నెలలు దాటాక ఎప్పుడైనా సరే.

వయసు గురించి ఇంత వాదన పెట్టుకుంటారు గానీ, కోడెలు చెడేది పటకారు దగ్గర. చర్మం కోయకుండా లోపలి నరాన్ని నలిపే బర్డిజో పటకారును ముందు పరీక్షించమని అడగండి. మడిచిన కాగితం మధ్య దారం పెట్టి నొక్కితే దారం తెగాలి, కాగితం తెగకూడదు. ఎప్పుడూ బిగించి దాచిన పటకారుకు ఆ పట్టు ఉండదు.

కోడెను మెత్తటి నేల మీద పడేసి కాళ్లు కట్టాక, డాక్టరుతో నరం దగ్గర మత్తు సూది వేయించి పది నిమిషాలు ఆగాలి. ఒక పక్క నరాన్ని వేళ్లతో సంచి బయటి అంచుకు నెట్టి పట్టుకుని, విత్తుకు మూడు నాలుగు వేళ్ల పైన పటకారు పెట్టి నొక్కాలి. పదిదాకా లెక్కపెట్టాలి. నరం జారిపోలేదని తడిమి చూసుకుని, ఒక సెంటీమీటరు కింద ఇంకో నొక్కు. రెండో పక్క నొక్కులు మొదటి పక్కవాటికి ఎదురుగా రాకుండా కాస్త పైనో కిందో పడాలి. సంచి మధ్యలో వేలెడంత చర్మం నలగకుండా మిగలాలి, రక్తం కిందికి దిగే దారి అదే. తొందరలో సంచి మొత్తాన్ని ఒకేసారి నొక్కేసేవాళ్లున్నారు. నాలుగు రోజుల్లో చర్మం నల్లబడి, కుళ్లి, పురుగులు పడుతుంది. అప్పుడు "దూడ జాతి మంచిది కాదు" అంటారు.

ఇప్పటికీ రెండు కర్రల మధ్య పెట్టి నలగ్గొట్టే ఊళ్లున్నాయి. పొలాల అమావాస్యకు కొమ్ములకు రంగులేసి, మెడకు గంటలు కట్టి మొక్కేదీ వాళ్లే.

కాలం కూడా చూసుకోవాలి. సంక్రాంతి దాటాక శివరాత్రి లోపు మంచిది. చల్లగా, పొడిగా ఉంటుంది, ఈగలు తక్కువ. మృగశిర ముంగిట్లో కొట్టించి, వారానికే కాడి మోపితే వాపు తగ్గదు. కనీసం మూడు వారాలు పని చెప్పకండి. అలాగని గుంజకు కట్టి ఉంచకూడదు, రోజూ నడిపిస్తేనే వాపు దిగుతుంది. జోడీలో రెండింటికీ ఒకే రోజు చేయిస్తే తర్వాత ఒకటి ముందు, ఒకటి వెనక అన్న బాధ ఉండదు.

గుర్రానికి ఈ పటకారు పనికిరాదు. దాని విత్తులు వేలాడవు, ఒంటికి అంటి అడ్డంగా ఉంటాయి. అందుకే కోసి తీస్తారు. ధనుర్వాతం సూది తప్పనిసరి, కోత దారిలో పేగు జారే ప్రమాదమూ ఉంది. అది ఊరి మనిషి చేతికిచ్చే పని కాదు.

నొక్కిన వెంటనే కోడె ఎద్దయిపోదు. ఆరు వారాలదాకా ఆవుల మందలో వదలకండి. ఆ తర్వాత తడిమి చూస్తే విత్తులు రెండూ చిన్నవై, గట్టిపడి ఉండాలి. ఒకటి మెత్తగా, పాత సైజులోనే తగిలితే అటు నరం జారిందని అర్థం. ఆ పక్క మాత్రమే, పాత గీతను తప్పించి మళ్లీ నొక్కించండి.